కచేరీ మాట – ఇంటి మాట

భాషా చరిత్ర వ్రాయువారు సాధారణముగా కవులతోను, కావ్యములతోను, వ్యాకరణములతోను ప్రారంభింతురు. నన్నయ నాటి నుండి మన వాఙ్మయమునకు చరిత్రలు అనేకము కలవు. కాని తల్లి బిడ్డను పిలిచిన పిలుపునకు, రైతు సంతలో ఆడిన బేరమునకు, గుమాస్తా కాగితము మీద పెట్టిన వ్రాతకు చరిత్ర వ్రాసినవారు తక్కువ. భాష ముందుగా మారునది ఈ చోట్లనే. కావ్యము ఆ మార్పును చాల కాలము గడచిన పిమ్మట గాని అంగీకరింపదు. వ్యాకరణము ఇంకను ఆలస్యముగా అంగీకరించును. తాత మాట మనుమనికి వింతగా తోచుట, మనుమని మాట తాతకు మొరటుగా తోచుట ప్రతి తరమునను జరుగుచున్నదే. ఆ మార్పుల కథ కొంత చెప్పి, అందులో ఏది భాషకు పెరుగుదలయో, ఏది నష్టమో ఇచట విచారింపదలచితిని. ఢిల్లీలో ఉద్యోగములు చేయుచు బిడ్డలను పెంచుకొనుచున్న మనకు ఈ విచారణ పాండిత్యముతో తీరిపోవు విషయము గాదు. మన ఇంటి విషయము.

ఇండియా గేటు నుండి గోల్ డాక్‌ఖానా వరకు సాగు అశోకా రోడ్డు ఈ కథకు మంచి సాక్షి. ఆ వీథి మొదట నిజాము ప్రభువు మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కొఱకు ఎడ్విన్ లుటియెన్స్ రూపకల్పన చేసిన హైదరాబాదు హౌసు కలదు. అది 1926–28 సంవత్సరములలో వెలసినది. ఆ ప్రభువు రాజ్యమున అందరికంటె హెచ్చు సంఖ్య తెలుగువారిదే యైనను కచేరీ భాష ఉర్దూ. నేడు ఆ భవనము కేంద్ర ప్రభుత్వము వారి అతిథి మర్యాదలకు నెలవైనది. దాని ప్రక్కనే, ఒకటవ నంబరున, ఆంధ్ర భవనము వెలసి ఢిల్లీ తెలుగువారి కందరకు పుట్టినిల్లు వంటిదైనది. 2014లో రాష్ట్రము రెండైనది. 2024లో ఆ భవనపు భూములను, కట్టడములను రెండు రాష్ట్రములు పంచుకొనుటకు నిర్ణయము జరిగినది. స్థలమును గజములలో కొలిచి పంచవచ్చును. కాని అక్కడి భోజనశాల ముందు వరుసలో నిలుచున్న వారి మాటలను పంచుట ఎవరి తరము? శ్రీకాకుళము వారు, గుంటూరు వారు, కడప వారు, కరీంనగరము వారు అచట ఒకే పప్పునకు, ఒకే పులుసునకు వేచియుందురు. ఒకరు వేరుసెనగ అన్న దానినే వేరొకరు పల్లి యందురు, మరియొకరు చెనక్కాయ యందురు. ఒకరి పచ్చడి మరియొకరికి తొక్కు, ఇంకొకరికి ఊరిబిండి. వారి ప్రక్కన నిలిచిన పిల్లలు మాత్రము తమలో తాము హిందీలో మాటాడుకొందురు. పైన చెప్పిన రెండు మార్పులును – తెలుగులోనే గల వైవిధ్యము, తెలుగు నుండి జారిపోవుట – ఆ ఒక్క వరుసలోనే కనబడును. ఈ రెంటిని వేరువేరుగా చూడవలసియున్నది.

ముందుగా చాల పాత కాలమునకు పోవుదము. కడప జిల్లాలోని కలమళ్ల, ఎఱ్ఱగుడిపాడు శాసనములు క్రీస్తు శకము 6వ శతాబ్ది నాటివి. రేనాటి చోడుల కాలమునకు చెందినవి. ఆనాటి తెలుగున నేడు మన నోట పలుకని ఒక ప్రత్యేకమైన ‘ఴ’ కారము ఉండెను. తమిళులు, మలయాళులు ఆ ధ్వనిని నిలుపుకొనిరి. మనకు అది పెక్కుచోట్ల ‘డ’ కారమైనది. వారి ‘ఏఴు’ మన ‘ఏడు’ అయినది అట్లే. తరువాత ‘క్రొత్త’ కొత్తయైనది, ‘ప్రాత’ పాతయైనది, ‘గ్రుడ్డు’ గుడ్డైనది. మన తాతలు బడిలో అరసున్నకు, బండి ‘ఱ’కు దెబ్బలు తినిరి, మన పిల్లలు వానిని పుస్తకమున చూచి అచ్చుతప్పులని భావింతురు.

ధ్వనులవలెనే అర్థములును మారినవి. ‘కంపు’ అనగా పూర్వము వాసన. అది సువాసన కూడ కావచ్చును. నేడు దుర్వాసనకే ఆ మాట చెల్లుచున్నది. ‘చీర’ పూర్వము స్త్రీపురుషులు ఎవరు కట్టినను చీరయే. ‘నూనె’ అనగా నువ్వుల నెయ్యి. నేడు నువ్వుల నూనె యనుటలో నువ్వులు రెండుమార్లు వచ్చుచున్నవని ఏ ఇల్లాలికిని తోచదు. వేరుసెనగ నూనె, కొబ్బరి నూనె యనుటలో నువ్వులు బొత్తిగా లేవనియు తోచదు. ‘ఉద్యోగము’ సంస్కృతమున ప్రయత్నము, పూనిక. మహాభారతమున ఉద్యోగపర్వము యుద్ధ సన్నాహమును గూర్చినది. మనకు అది నెల జీతమైనది. ఈ మార్పులను ఎవ్వరును ఆజ్ఞాపింపలేదు, ఎవ్వరును ఆపనులేదు. వీనివలన తెలుగు చెడినదని నేడు విచారించువారు లేరు.

కచేరీ వలన వచ్చిన మార్పుల తీరు వేరు. గోలకొండ కుతుబ్ షాహీల కాలము నుండి పరిపాలనా వ్యవహారముతో పాటు ఫారసీ, అరబ్బీ పదములు మన భాషలోనికి ప్రవహించినవి. జిల్లా, తాలూకా, రైతు, అర్జీ, వకీలు, జవాబు, హాజరు, మంజూరు, రద్దు, బదిలీ, రసీదు, వసూలు – వీనిలో ఒక్కటియు పుట్టుకతో తెలుగు గాదు. చిత్రమేమనగా, అదే గోలకొండ ప్రభువుల కొలువున నుండిన అమీను ఖానునకే పొన్నికంటి తెలగన తన అచ్చ తెనుగు కావ్యమైన యయాతి చరిత్రమును అంకితమిచ్చెను. ఒక ప్రక్క కచేరీ మాట ఇంటిలోనికి వచ్చుచుండగా, మరియొక ప్రక్క ఆ కచేరీ పెద్దయే అచ్చ తెనుగును ఆదరించెను. సముద్రపు దారిని పోర్చుగీసువారు వచ్చి అలమారు, మేస్త్రీ, ఇస్త్రీ, బొప్పాయి, అనాస అను మాటలను విడిచిపోయిరి. పిమ్మట కుంపిణీ దొరలు వచ్చిరి. 1837లో కుంపిణీ కచేరీల నుండి ఫారసీ తొలగినది. కాని ఫారసీ మాటలు మన నోటి నుండి తొలగలేదు.

ఛార్లెస్ ఫిలిప్ బ్రౌను దొర 1852లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువును ప్రకటించి, 1854లో తెలుగున కలిసిన అన్యదేశ్యములకును, మిశ్ర వ్యవహారమునకును వేరొక నిఘంటువును ప్రకటించెను. పండితులు పట్టించుకొనని మాటలను, కచేరీలో, బజారులో, సిపాయిల నడుమ వినవచ్చిన మాటలను పోగుచేయుట భాషాసేవయే యని ఆయన గ్రహించెను. నాడు మిశ్రమని వేరుచేయబడిన మాటలలో అనేకము నేడు మన వంటింటి మాటలు, గుడి మాటలు. దేవునికి సమర్పించు విరాళమునకు దేవస్థానము వారిచ్చునది ‘రసీదు’. పెండ్లికి వ్రాసికొను వస్తువుల పట్టిక ‘జాబితా’. వీనిని తీసివేసినచో పెండ్లి ఆగును.

ఇట్టి మాటలను తెలుగు ఎట్లు జీర్ణించుకొన్నదో చూచిన ఆశ్చర్యము కలుగును. మన కార్యాలయములలో ‘ఫైలు’ ఇంగ్లీషు మాట. కాని ఒకటికి మించినప్పుడు మనము ఇంగ్లీషు బహువచనము వాడము, ‘ఫైళ్లు’ అందుము. ‘కాలు–కాళ్లు’, ‘ముల్లు–ముళ్లు’ అనుటకు ఏ నియమము కలదో అదియే ఇచటను పని చేసినది. ‘గుడ్డు–గుడ్లు’ అయినట్లే ‘రోడ్డు–రోడ్లు’ అయినది. ‘చెట్టు–చెట్లు’ అయినట్లే ‘నోటు–నోట్లు’ అయినది. ఈ నియమమును చదువురాని రిక్షా కార్మికుడు కూడ తప్పడు. మాట పరదేశమునుండి వచ్చినను, దానికి విభక్తి కట్టి, బహువచనము తొడిగి, ‘చేయు’ను ప్రక్కన నిలిపి పని చేయించుకొనునంత కాలము భాషకు ప్రమాదము లేదు. దస్త్రము అను మాట సంస్కృతమువలె వినబడుటచే ‘ఫైలు’కు బదులు దానిని వాడినచో స్వభాష నిలిచినదని కొందరు తృప్తిపడుదురు. ఆ దస్త్రమును ఫారసీ దఫ్తరు నుండి వచ్చినదే గదా!

పరిపాలన మారినప్పుడెల్ల వంటింటి మాట మారుననుటకు ఇంకను దగ్గరి నిదర్శనములు కలవు. వానికి కారణమైన ఉత్తర్వులు మనము పనిచేయు ఈ నగరము నుండియే వెలువడినవి. 1957 ఏప్రిల్ 1వ తేదీన దశాంశ నాణెములు వచ్చినవి. అంతవరకు రూపాయికి పదునారణాలు, రెండణాలు ఒక బేడ, అణాకు నాలుగు కాణీలు. 1958 అక్టోబరు నుండి మెట్రిక్ తూనికలు, కొలతలు దశలవారీగా అమలైనవి. అంతవరకు రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. వీశెలతో, మణుగులతో తూనిక. ఒక్క తరములో ఇవన్నియు వాడుక నుండి వైదొలగినవి. కాని మాటలకు ఉత్తర్వులు పూర్తిగా తగులవు. దమ్మిడీ పోయినను ‘చేతిలో దమ్మిడీ లేదు’ అనుట పోలేదు. పావలా నాణెము 2011లో చెలామణి నుండి తొలగినను, నూటికి నెలకు పావలా వంతున లెక్కించు ‘పావలా వడ్డీ’ పల్లెలోని స్త్రీల పొదుపు సంఘములలో నానుడియై నిలిచినది. ఆంధ్రప్రదేశమున 1984లో కరణము, మునసబు ఉద్యోగములు రద్దైనవి. తెలంగాణమున పటేలు, పట్వారీ అనునవి పోయినవి. 1985లో తాలూకాలు, ఫిర్కాలు పోయి మండలములు వచ్చినవి. పూర్వము ‘మండలము’ అనగా రాజులేలిన దేశభాగము, లేదా నలువది దినముల దీక్ష. నేటి యువకునకు మండలమనగా రెవెన్యూ కచేరీ గల ఊరు. అతనికి ఫిర్కా యనిన తెలియదు. ఇందు అతని తప్పేమియు లేదు. మాట వెనుక నున్న వస్తువు పోయినది, మాటయు పోయినది.

ఇంతవరకు చెప్పినది సహజ పరిణామము. ఇక బాధ కలిగించు భాగము చెప్పవలెను. భాషకు నిజముగా గాయము చేసినది పరాయి మాట గాదు, పరిహాసము.

చిన్నయసూరి గారి బాలవ్యాకరణము 1858లో వెలువడినది. అది మహా నిర్మాణము. కాని ఆ వ్యాకరణమునకు లొంగని మాటలన్నియు తప్పులని తరువాతి బడిపంతుళ్లు నిర్ణయించిరి. ఇంటిలో అమ్మ మాటాడు మాట బడిలో వ్రాసినచో తప్పు; బడిలో వ్రాయు మాట వీథిలో ఆడినచో నవ్వులాట. గురజాడ అప్పారావు గారి కన్యాశుల్కము 1892లో విజయనగరమున ప్రదర్శింపబడి 1897లో అచ్చైనది. అందు ప్రతి పాత్రయు తన నోటి మాటనే ఆడును. గిరీశము తెలుగులో ఇంగ్లీషును చల్లి ఆనాటి కుఱ్ఱకారు మాటను మనకు శాశ్వతముగా పట్టియిచ్చెను. 20వ శతాబ్ది తొలి దశాబ్దమున ఉత్తర సర్కారుల పాఠశాలల తనిఖీ అధికారి జె. ఏ. యేట్సు దొర, జనులు మాటాడు తెలుగునకును, పుస్తకముల తెలుగునకును ఇంత భేదమేల యని ప్రశ్నించెను. గిడుగు రామమూర్తి పంతులు గారు, గురజాడ వారు, పి. టి. శ్రీనివాసయ్యంగారు ఆ ప్రశ్నను ఉద్యమముగా మార్చిరి. జయంతి రామయ్య పంతులు గారి పక్షము 1911లో ఆంధ్ర సాహిత్య పరిషత్తును స్థాపించి గ్రాంథికమును రక్షింప నిలిచెను. గురజాడ వారు 1914లో తమ అసమ్మతి పత్రమును సమర్పించిరి. మరుసటి సంవత్సరమే స్వర్గస్థులైరి. గిడుగు వారు 1919లో ‘తెలుగు’ పత్రికను నడిపి, ఒంటరిగా ఊరూర ఉపన్యసించిరి.

గిడుగు వారి వాదమున మనము మరువరాని అంశ మొకటి కలదు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా నుండి, అక్షరము లేని సవర భాషను ఆ గిరిజనుల నోట నేర్చి, దానికి వ్యాకరణము వ్రాసినవారు ఆయన. లిపి లేని భాషకును నియమ ముండునని ఆయనకు స్వానుభవమున తెలిసెను. కనుకనే పామరుని తెలుగునకును నియమ ముండునని ధైర్యముతో చెప్పగలిగిరి. వ్రాతకు ఒక తీరు, మాటకు ఒక తీరు ఉండుట దోషము గాదు. ఈ సంచికలో మనము వ్రాయు తెలుగునకు కొంత పాతవాసన ఉండనే ఉన్నది. ఒక తీరును పట్టుకొని మరియొక తీరు ఆడువానిని చిన్నబుచ్చుటయే దోషము.

ఇంచుమించు ఆ కాలముననే నిజాము రాజ్యమున ఈ చిన్నబుచ్చుట మరియొక రూపము దాల్చెను. 1921 నవంబరున హైదరాబాదు వివేకవర్ధినిలో మహర్షి కర్వే గారి అధ్యక్షతన సంఘ సంస్కార సభ జరిగినది. అందు ఇంగ్లీషు, ఉర్దూ, మరాఠీ ఉపన్యాసములను సభ సావధానముగా వినినది. న్యాయవాది అల్లంపల్లి వెంకటరామారావు గారు లేచి తెలుగున మాటాడగా కొందరు గేలి చేసిరి. తమ గడ్డ మీద తమ భాషకు జరిగిన ఆ అవమానము నుండియే ఆంధ్ర జన సంఘము పుట్టినది. అది 1930లో జోగిపేటలో ఆంధ్ర మహాసభయై నిలిచినది. తెలంగాణమున కవులు లేరన్న మాటకు ప్రత్యుత్తరముగా సురవరము ప్రతాపరెడ్డి గారు 1934లో గోలకొండ కవుల సంచికను ప్రకటించిరి. అందు 354 మంది కవులు కలరు. నిందకు కోపముతో గాక పరిశ్రమతో ఇచ్చిన జవాబది.

అయినను పరిహాసము అంతటితో ఆగలేదు. 1956 తరువాత పత్రికలు, రేడియో, సినిమాలు, పాఠ్యపుస్తకములు ఏకమై ఒక ప్రమాణ భాషను రూపొందించినవి. అది ముఖ్యముగా గోదావరి, కృష్ణా, గుంటూరు ప్రాంతముల విద్యావంతుల మాట. 1960లో నార్ల వేంకటేశ్వరరావు గారి సంపాదకత్వమున వచ్చిన ఆంధ్రజ్యోతి, 1974లో విశాఖపట్టణమున ప్రారంభమైన ఈనాడు వ్యావహారికమును ఇంటింటికి చేర్చినవి. గిడుగు వారి కల ఫలించినది. కాని ఆ ఫలమున ఒక పురుగు చేరినది: ఒక ప్రాంతపు వ్యావహారికము ‘భాష’ యైనది, తక్కిన ప్రాంతముల వ్యావహారికము ‘యాస’ యైనది. సినిమాలలో నాయకుడు ఒక మాట ఆడెను. హాస్యగాడు, దుర్మార్గుడు వేరొక మాట ఆడిరి. కాళోజీ నారాయణరావు గారు జీవితాంతము ఈ అన్యాయమును ప్రశ్నించిరి. ఆయన జన్మదినమైన సెప్టెంబరు 9 నేడు తెలంగాణ భాషా దినోత్సవము; గిడుగు వారి జన్మదినమైన ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవము. పదకొండు దినముల ఎడముతో వచ్చు ఈ రెండు పండుగలు చెప్పునది ఒకే మాట: జనుల నోటి మాటకు గౌరవ మీయవలెనని.

ఒక చిన్న ఉదాహరణ చాలును. ‘దవాఖానా’ అన్నవానిని చూచి, ఉర్దూ కలిసినదని నవ్వి, ‘ఆసుపత్రి’ అనుము అని దిద్దువారిని మనము చూచియున్నాము. దవాఖానా ఫారసీ నుండి వచ్చినది. ఆసుపత్రి ఐరోపావారి నుండి వచ్చినది. రెండును పరాయివే; రెండును తెలుగైనవే. ఒకటి హైదరాబాదు దారిని వచ్చినది, మరియొకటి సముద్రపు దారిని వచ్చినది. ఇందులో ఎక్కువ తక్కువలు ఎక్కడివి?

తరముల నడుమ జరుగు పరిహాసమును ఇట్టిదే. కుఱ్ఱవాండ్రు తమలో తాము పిలుచుకొను పిలుపులు పదేండ్లకొకమారు మారుచుండును. ఒకప్పుడు ‘గురూ’, పిమ్మట ‘బాసూ’, ‘మామా’, నేడు ‘బ్రో’. పెద్దలకు ఇది వెగటు. కాని కొంటె మాట యువకుల గుర్తింపు చీటి వంటిది. పెద్దలు దానిని నేర్చిన దినముననే వారు దానిని విడిచిపెట్టుదురు. వానిలో నూటికి తొంబది రాలిపోవును. మిగిలినవి భాషలో కలిసిపోవును. ఫోనులో రోమను లిపితో తెలుగు వ్రాయు పిల్లవాడు లిపిని మరచుచున్నాడని మనము దుఃఖపడుట న్యాయమే. అతడు వ్రాయుచున్నది ఇంకను తెలుగే యని సంతోషించుటయు న్యాయమే.

ఇక మన ఢిల్లీ ఇండ్ల సంగతి. హిందీ మాటలతో మనకు గల చిక్కులు నవ్వు పుట్టించును. క్రొత్తగా వచ్చిన తెలుగు ఉద్యోగికి ‘శిక్షా మంత్రాలయ్’ అన్న పలక చూడగానే దండనల శాఖ యేమో యని తోచును. అతడు ‘అవకాశము’ కోరినచో అది వీరికి సెలవు. మన ‘ఉపన్యాసము’ వీరికి నవల. మన ‘ఆలోచన’ వీరికి విమర్శ. మన ‘ప్రపంచము’ వీరికి మాయామోసముల గొడవ. మనకు రాజీనామా యనగా ఉద్యోగము విడుచుట. వీరికి రాజీ కుదుర్చుకొనుట. ఒకే సంస్కృత పదము, ఒకే ఫారసీ పదము రెండు ఇండ్లకు కోడలిగా పోయి ఆ యింటి నడత నేర్చినట్లున్నది.

పిల్లల తెలుగున సబ్జీ, బిజిలీ, ఛుట్టీ చేరినవని భయపడనక్కరలేదు. జాబితా, రసీదు చేరినట్లే అవియు చేరినవి. భయపడవలసినది మరియొకటి కలదు. తెలుగున ‘మేము’ వేరు, ‘మనము’ వేరు. ఎదుటివానిని కలుపుకొని చెప్పునది మనము. విడిచి చెప్పునది మేము. హిందీలో రెంటికిని ‘హమ్’ ఒక్కటియే. ఇంగ్లీషునను అంతే. అందుచే ఇచట పుట్టిన పిల్లలు అతిథితో ‘మనము రేపు ఊరికి పోవుచున్నాము’ అందురు. అతిథి తానును బయలుదేరవలెనేమో యని తెల్లబోవును. వేయి పరాయి మాటలు చేరినను చెడని భాష, ఈ ఒక్క భేదము జారిపోయినప్పుడు లోపల చెడుట మొదలిడును. పదము పైకప్పు పెంకు. ఒకటి పోయిన మరియొకటి వేసికొనవచ్చును. ఇది దూలము.

బంధుత్వపు మాటలును అట్టివే. పెదనాన్న, బాబాయి, మేనమామ, పెదతల్లి భర్త – వీరందరును ‘అంకుల్’ అయిరి. ఉత్తరాదివారికి మేనమామ కొడుకు అన్నదమ్ములలో చేరును; మనకు అతడు బావ. ‘బావ’ అను మాటలోని పరిహాసము, చనువు, మర్యాద ‘కజిన్’ అను మాటలో లేవు. కొందరు తండ్రిని నాన్న యందురు, కొందరు బాపు, కొందరు నాయన, కొందరు అయ్య యందురు. వీనిలో ఏది నిలిచినను మంచిదే. ఏదియు నిలువకుండుటయే నష్టము.

దూరదేశమునకు పోయిన తెలుగువారి చరిత్ర ఈ విషయమున మనకు పాఠము చెప్పును. నాయక రాజుల కాలమున, 16వ శతాబ్దిలో, తమిళదేశమునకు పోయిన కుటుంబములలో అనేకము నేటికిని ఇంటిలో తెలుగే మాటాడును. వారిలో చాలమందికి తెలుగు లిపి రాదు. వారి తెలుగున తమిళము మెండు. అయినను ఐదు వందల ఏండ్లు ఆ పలుకు బ్రదికినది. 19వ శతాబ్దిలో కోరంగి మొదలగు రేవుల నుండి మారిషసు దీవికి కూలీలుగా పోయిన వారి సంతతి రామభజనములు పాడును, ఉగాది జరుపును, బడిలో తెలుగు చదువును. కాని వారి ఇండ్లలో నడుచు భాష క్రియోలు. వారి భక్తిని, పట్టుదలను తక్కువ చేయరాదు. అయినను తేడా కనబడుచున్నది: ఒకచోట లిపి పోయి మాట నిలిచినది, మరియొకచోట లిపి, పండుగ నిలిచి మాట జారినది. భాషను నిలుపునది అన్నము తినునప్పటి సంభాషణ.

2001 జనాభా లెక్కలలో మాతృభాషగా తెలుగు దేశమున మూడవ స్థానమున ఉండెను, 2011లో నాల్గవదైనది. ఎనిమిది కోట్ల మంది మాటాడు భాష రేపే పోదు. కాని భాష కోట్లమందిలో ఒక్కసారి పోదు. ఒక్కొక్క ఇంటిలో పోవును. మన ఇల్లు ఆ లెక్కలో ఒకటి. పిల్లవాడు తడబడుచు, హిందీ కలిపి, లింగవచనములు తప్పి తెలుగున ఒక వాక్యము చెప్పినప్పుడు పదుగురి యెదుట నవ్వినచో, అతడు మరునాటి నుండి హిందీలోనే జవాబిచ్చును. వివేకవర్ధినిలో గేలి చేసినవారు పరాయివారని మనము నేటికిని తప్పుపట్టుదుము. మన ఇంటి ముందుగదిలో గేలి చేయువారు మనమే. అతని వాక్యమును తప్పు పట్టక, మన జవాబులో అదే మాటను ఒప్పుగా తిరిగి పలికిన చాలును. పసివాడు మాట నేర్చునది అట్లే గదా!

1948లో దుర్గాబాయమ్మ గారు ఢిల్లీలో ఆంధ్ర విద్యా సంఘమును స్థాపించి మన బిడ్డలకు బడి కల్పించిరి. బడి చేయదగినది బడి చేసినది. ఇల్లు చేయదగినది ఇల్లు చేయవలెను. అందు మన సంఘమునకును ఒక పని కలదు. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి గారు రైతుల వద్దకు, నేతగాండ్ర వద్దకు మనుష్యులను పంపి వృత్తి పదములను సేకరింపజేసి మాండలిక వృత్తి పదకోశమును రూపొందించిరి. వ్యవసాయ పదముల సంపుటము 1962లో వెలువడినది. అంతటి శాస్త్రీయ కృషి మనవల్ల గాకపోవచ్చును. కాని ప్రతి కుటుంబమును తన తల్లి, తాత, అమ్మమ్మ వాడిన ఏబది మాటలను, ఏ ఊరివో, ఏ అర్థముననో ఒక కాగితము మీద వ్రాసి తెచ్చినచో, శ్రీకాకుళము మాట ప్రక్కన ఆదిలాబాదు మాట, అనంతపురము మాట ప్రక్కన ఖమ్మము మాట చేరి, వచ్చే ఉగాది సంచికకు ఒక చక్కని అనుబంధమగును. వ్రాయుపని పిల్లలకు అప్పగింపవలెను. మాట అడుగుటకైనను వారు తాత ప్రక్కన కూర్చుందురు. ఆయన గిద్ద యననేమో, సోల యననేమో చేతితో చూపి చెప్పును.